ఇంట్లోది ఆగిపోయింది

పొద్దున బండికి పొన్నయ్యకు కబురు పంపాలి, మధ్యాహ్నానికి అతడు కోవిల్‌పట్టి నుంచి వచ్చి పొయ్యి బాగుచేయాలి, సాయంకాలానికి ఎర్రరంగు మళ్ళీ మరగాలి. ఆషాఢపు గాలులు వీచే ఆడి మాసంలో ఆ ఆదివారంనాడు మారియప్పన్ వేసుకున్న పథకం ఇంతే. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు.

మారియప్పన్ విరుదునగర్ నేతవాళ్ళ వీధిలో నూలుకు రంగు వేసే మనిషి. ఊరికి ఆ పేరు పెట్టి పదేళ్ళు దాటినా, వీధిలో అందరూ విరుదుపట్టి అనే అనేవారు. అతనికి నలభై రెండేళ్ళు. ముఖం మాత్రం ఎప్పుడు చూసినా ఎవరినో కాటికి సాగనంపి, స్నానం చేసి, అప్పుడే వచ్చి కూర్చున్నట్టు ఉండేది. సొంత పెళ్ళినాడు కూడా అలాగే ఉన్నాడని, బంధువులు ఒకరిద్దరు పొరబడి ఓదార్చారని భార్య వేలమ్మాళ్ చెప్పేది.

అతని రంగుల కొట్టంలో రాగి అండా కింద మండేది కట్టెల పొయ్యి కాదు. మదురైలో ఒక దొర ఇల్లు ఖాళీ చేసినప్పుడు కొన్న పెద్ద గ్యాసు పొయ్యి. తొట్టిలో కిరసనాయిలు పోసి పంపుతో గాలి కొడితే, నూనె వేడి గొట్టంలో ఆవిరై, సన్నటి రంధ్రంలోంచి బుస్సుమని వచ్చి నీలంగా మండేది. పన్నెండేళ్ళుగా అదే ఆ ఇంటికి అన్నం పెడుతోంది. ఏడాదికొకసారి దాన్ని విప్పి, మసి గీకి, పంపులోని తోలుబిళ్ళ మార్చి, అతుకులకు సబ్బునురగ పూసి గాలి పోతుందేమో చూసి బిగించేది వేలమ్మాళ్ తమ్ముడు పొన్నయ్య. అతడు కోవిల్‌పట్టి మిల్లులో ఇంజను దగ్గర పనిచేస్తాడు.

చిక్కల్లా ఏమిటంటే, పొన్నయ్య ఈ పనికి వచ్చేది తల్లికి తెలియకుండా. నాలుగేళ్ళ కిందట వేలమ్మాళ్ తండ్రి కోవిల్‌పట్టిలో పోయాడు. కబురు వచ్చేసరికి అండాలో నలభై కట్టల నూలు ఉంది. ఇప్పుడు దించితే మచ్చలు పడుతుందని, "ఒక్క గంట ఆగు, రంగు దిగనీ" అన్నాడు మారియప్పన్. ఒక్క గంట మూడు గంటలయింది. రైలు తప్పింది. వాళ్ళు వెళ్ళేసరికి ఖాళీ మంచం, కడిగిన నేల మాత్రం మిగిలాయి. అప్పుడు వేలమ్మాళ్ తల్లి కాళియమ్మాళ్ అందరి ముందూ కూతురితో అంది: "మీ అయ్య కంటే నీకు రంగు పెద్దది. ఆ పొయ్యి ఉండే గడప నేను తొక్కను. నా కొడుకునీ తొక్కనియ్యను." అన్నట్టే తొక్కలేదు. వేలమ్మాళ్ రెండుసార్లు పుట్టింటికి వెళ్ళినా, వాకిట్లోనే నిలబడి తిరిగొచ్చింది.

కాబట్టి పొన్నయ్య ఏటా ఒక ఆదివారం "మిల్లులో పని ఉండాది" అని తల్లితో చెప్పి రైలెక్కేవాడు.

ఈసారి ఆ ఆదివారం రాకముందే, శనివారం సాయంత్రం పొయ్యి నాలుగుసార్లు దగ్గి ఆరిపోయింది. అండాలో నూలు సగం రంగులో ఉంది. మారియప్పన్ దాని కింద ఇటుకలు పేర్చి రాత్రంతా కట్టెలు పెట్టాడు. తెల్లవారి, పల్లెల్లో చీరలు అమ్ముకునే నల్లసామి రైలుకు బయలుదేరుతుంటే పట్టుకుని, పొయ్యి సంగతంతా మొరపెట్టుకున్నాడు. నల్లసామి కోవిల్‌పట్టిలో దిగి ఒట్టపిడారం బస్సు ఎక్కుతాడు.

"నల్లసామీ, పొన్నయ్యకు ఒక కబురు చెప్పాల. కానీ, మా అత్త ముందర పొయ్యి అనే మాట ఎత్తొద్దు. ఎత్తినావంటే వాన్ని గడప దాటనియ్యదు."

"మరి ఏమని చెప్పేది?"

"'అది ఆగిపోయినాది, వెంటనే రా' అను. వానికి తెలిసిపోతాది."

"అది అంటే చాలునా?"

"చాలు. నా ఇంట్లో ఆగిపోయేది ఇంకేముండాది?"

నల్లసామి మాట తప్పని మనిషి. ఆ రోజు జరిగిన నష్టానికంతటికీ అతని నిజాయితీయే మొదటి కారణం.

అతడు కోవిల్‌పట్టిలో దిగి వెళ్ళేసరికి పొన్నయ్య ఇంట్లో లేడు. ఆ ఆదివారం నిజంగానే మిల్లులో పని పడింది. కాళియమ్మాళ్ అరుగు మీద కూర్చుని ఉలవలు ఏరుతోంది.

"విరుదుపట్టి వాడివి కదప్పా నువ్వు? ఏమి ఇట్ల వచ్చినావు?"

"సుమ్మా, ఊరికే పెద్దమ్మా. పొన్నయ్యను చూసి పోదామని."

"వాడు మిల్లుకు పోయినాడు. ఏమైనా ఉంటే నాకు చెప్పు."

"మీకు చెప్పొద్దని మీ అల్లుడు అన్యాడు."

ఉలవలు ఏరుతున్న చేయి ఆగింది. "నాకు చెప్పకూడని మాట ఏముండాది రా? ఏమయింది?"

నల్లసామి తల గోక్కున్నాడు. బస్సుకు టైమవుతోంది. పొయ్యి అనే మాట ఎత్తకూడదు, అంతే కదా. "అది ఆగిపోయినాది పెద్దమ్మా."

"ఏది?"

"అదే. మారియప్పన్ ఇంట్లోది."

ఎవరైనా మగవాడు "మా ఇంట్లోది" అన్నాడంటే పెళ్ళాం అని కాక ఇంకో అర్థం ఆ వైపు ఊళ్ళల్లో లేదు. కాళియమ్మాళ్ ఒళ్ళోంచి చేట జారింది. "ఎప్పుడు?"

"నిన్న పొద్దు కుంకేటప్పుడు. గొరగొర అనిందంట. నాలుగుసార్లు దగ్గిందంట. అంతే, చల్లబడిపోయినాది."

"ముందుగా ఏమీ తెలియలేదా?"

"నెల దినాలుగా మొగం నల్లబడతానే ఉండిందంట. చూసుకోలేదు. పాపం, పన్నెండేండ్లుగా రాత్రీ పగలూ కాలతానే ఉండాది కదా."

"అల్లుడు ఏమన్యాడు?"

ఇక్కడ నల్లసామి నోరు మూసుకుని ఉంటే బాగుండేది. కాని ఆమె అంత దిగులుగా అడుగుతుంటే ఒక మంచి మాట చెబుదామనిపించింది. "ఆయన దైర్యంగానే ఉండాడు పెద్దమ్మా. దీనికి వయసైపోయినాది, కొత్తది తెచ్చుకుంటా అన్యాడు. మదురైలో ఒకటి చూసి పెట్టినాడంట."

కాళియమ్మాళ్ స్తంభం పట్టుకుని లేచి నిలబడింది. రహస్యం బయటపడి ఆమెకు కోపం వచ్చిందనుకుని నల్లసామి మెల్లగా జారుకున్నాడు. అతడు వీధి మలుపు తిరిగేసరికి వెనకనుంచి ఒక ఏడుపు వినిపించింది. పొయ్యి కోసం ఇంత ఏడ్చేవాళ్ళుంటారా అని ఆశ్చర్యపడుతూనే బస్సెక్కి కూర్చున్నాడు.

గంటలోపల వీధంతా చేరింది. పొన్నయ్యను మిల్లు నుంచి పిలిపించారు. "అక్క పోయినాది రా" అనగానే అతడు నూనె చేతులతోనే నేల మీద కూలబడ్డాడు. పోయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు కప్పాల్సిన కొత్త చీర కొన్నారు. పూలదండ కట్టించారు. పద్నాలుగు మంది పదకొండు గంటల బండి ఎక్కారు. సాత్తూరు దాటేదాకా కాళియమ్మాళ్ కిటికీలోంచి నల్లరేగడి చేల వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత పొన్నయ్యతో ఒక్క మాట అంది: "పోయినసారి అది వాకిట్లో నిలబడితే నేను లోపలికి రమ్మనలేదు రా. దాహమా అని కూడా అడగలేదు."

పొన్నయ్య తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. ఏడాది కిందట అక్క చేతి కూడు తిని వచ్చిన సంగతి చెప్పుకోవడానికి అది సమయం కాదు.

ఇక్కడ విరుదునగర్‌లో మారియప్పన్, పొన్నయ్య వచ్చేలోపల తనవంతు పనులన్నీ ముగించాడు. పొయ్యి విప్పే రోజున ఏమేమి చేయాలో పొన్నయ్య ఏటా వల్లించేవాడు. ఇంట్లో ఎక్కడా నిప్పు ఉండకూడదు, వంటపొయ్యితో సహా. తలుపులూ కిటికీలూ తెరిచి ఉంచాలి. ఆడవాళ్ళు కొంగులు వేలాడేసుకుని దగ్గర తిరగకూడదు. ఇసుక దగ్గర పెట్టుకోవాలి. మారియప్పన్ అండా కింది కట్టెలు లాగి ఆర్పి, వంటపొయ్యి మీద నీళ్ళు చల్లాడు. దేవుడి దీపం ఆర్పాడు. వేలమ్మాళ్‌ను పక్క వీధిలో మాయక్కాళ్ ఇంటికి పడుగు పనికి పంపించాడు. పొయ్యిలో గాలి వదిలి, పలక మీద పడుకోబెట్టి, ఆడి గాలికి దుమ్ము పడకుండా పైన తెల్లటి గుడ్డ కప్పాడు.

రెండు పొరబాట్లు మాత్రం చేశాడు. దుమ్ముకు భయపడి కొట్టం కిటికీ మూసేశాడు. తొట్టిలోని నూనె వంచుతూ, రాత్రి కట్టెలతో కాగి ఇంకా చల్లారని ఇటుకల మీద కొంత ఒలకబోశాడు. కొట్టం నిండా ఆవిరి కమ్ముకుంది. ఆ వాసన అతనికి అలవాటే కనుక పట్టించుకోకుండా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పొగ రాని ఇల్లు, బార్లా తెరిచిన తలుపులు, అరుగు మీద ఆ ముఖం చూసి ఎదురింటి తిరుపతిసామి కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏమిటని అతడు అడగలేదు. మారియప్పన్ చెప్పలేదు.

మధ్యాహ్నం ఎండలో వీధి చివర ఏడుపు లేచింది. మారియప్పన్ తలెత్తి చూశాడు. ముందు జుట్టు విరబోసుకుని అత్త. వెనక తల బాదుకుంటూ పొన్నయ్య. ఆ వెనక కోవిల్‌పట్టి చుట్టాలంతా. నాలుగేళ్ళు ఈ గడప తొక్కనన్న అత్త ఇలా వచ్చిందంటే పోయింది ఎవరో చాలా దగ్గరివాళ్ళు. ఎవరో అతనికి అంతుపట్టలేదు. ఇంతమంది ఏడుస్తూ వస్తుంటే ఎదురెళ్ళి ఎవరు పోయారని అడగడం మర్యాద కాదు. అందుకని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని తనూ ఏడ్చాడు. పోయింది ఎవరైనా సరే నాలుగేళ్ళ కిందట మామకు బాకీపడ్డ ఏడుపు ఒకటుంది, అది ఇప్పుడు వచ్చింది. అతని ఏడుపు చూసి, అంతవరకూ ఏ మూలో ఆశ పెట్టుకున్న పొన్నయ్య కూడా నీరైపోయాడు.

కాళియమ్మాళ్ వాకిట్లో చతికిలబడి రాగం తీసింది. "రంగు దిగేదాకా ఆగినావని రోసం పట్టినానే తల్లీ! నీ గడప తొక్కని పాపి వచ్చినానే తల్లీ!" విన్నవాళ్ళంతా కళ్ళొత్తుకున్నారు. తిరుపతిసామి అందరికంటే ఎక్కువగా ఒత్తుకున్నాడు.

ఉన్నట్టుండి ఆమె పాట ఆపి అల్లుడి వైపు తిరిగింది. "ఎక్కడ పెట్టినావు?"

నల్లసామి నోరు జారి పొయ్యి సంగతి అత్తకు చెప్పేశాడనుకున్నాడు మారియప్పన్. దుఃఖంలో ఉన్న మనిషితో అబద్ధమాడడం ఎందుకు? "కొట్టంలో అత్తా. పలక మీద."

"కొట్టంలోనా? నడిమింట్లో చోటు లేకపోయిందా?"

"కారతా ఉండాది అత్తా. వాసన. నడిమింట్లో ఎట్ల పెట్టేది?"

ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. కాళియమ్మాళ్ లేచి నిలబడింది. "తలకాడ దీపమైనా పెట్టినావా?"

"దీపమా? అయ్యో, దీపం ఎట్ల పెడతారు అత్తా! ఇంట్లో ఉండే దీపం కూడా ఆర్పేసినా!"

ఇంత మాట అన్న మగవాడిని కోవిల్‌పట్టి వాళ్ళు అంతవరకూ చూడలేదు. ఎదురింటినుంచి ఎవరో వెలిగించిన దీపం తెచ్చి ఇచ్చారు. కాళియమ్మాళ్ దాన్ని కొంగు చాటున పట్టుకుని కొట్టం వైపు నడిచింది. మారియప్పన్ ఒక్క ఉదుటున లేచాడు. "దీపం వద్దు! అత్తా, లోపలికి పోవద్దు! అంటుకుంటాది!" నలుగురు మగవాళ్ళు అతన్ని పట్టుకున్నారు. దుఃఖంతో మతి చలించిందనుకుని తిరుపతిసామి అతని నోరు కూడా మూశాడు.

కొట్టం తలుపు దగ్గర పొన్నయ్యకు వాసన తగిలింది. పన్నెండేళ్ళుగా ఇంజన్ల దగ్గర పనిచేసిన ముక్కు అది, ఏడుపులో కూడా పొరబడదు. "అమ్మా, ఆగు!" అని తల్లిని వెనక్కి లాగి దీపం లాక్కున్నాడు. లాక్కోగలిగాడు గాని ఆర్పలేకపోయాడు. తలుపులోంచి గుప్పుమని ఒక మంట అతని ముఖం మీదికి వచ్చి, కనుబొమలూ మీసమూ ఒక్కసారిగా తీసుకుని, కొట్టం కప్పులోని తాటాకుల్లోకి ఎక్కింది.

ఏడవడానికి వచ్చిన పద్నాలుగు మంది ఏడుపు మాని మంటల మీద పడ్డారు. ఇసుక చాలలేదు. బావి దూరం. దగ్గర్లో ఉన్న నీళ్ళు అండాలోని రంగునీళ్ళే. గోరువెచ్చగా ఉన్నాయి. అందిన చెంబుతో, బిందెతో అవే ముంచి పోశారు. కాళియమ్మాళ్ కూతురికోసం తెచ్చిన కొత్త చీరను ఆ నీళ్ళలోనే తడిపి, వాసాల మీద కొట్టి కొట్టి ఆర్పింది. పావుగంటలో మంట ఆరింది. కప్పు పోయింది. రంగు పోయింది. నూలు బొగ్గూ ఎరుపూ కలిసి నేల మీద పడి ఉంది. కోవిల్‌పట్టి వాళ్ళు తలనుంచి పాదాలదాకా ఎర్రగా, ఎండలో వరసగా నిలబడి ఒగరుస్తున్నారు.

వేలమ్మాళ్ సరిగ్గా అప్పుడే వచ్చింది. మాయక్కాళ్ ఇంట్లోంచి మొగుడికి సంగటి చట్టి తెస్తూ పొగ చూసి పరిగెత్తింది. కాలిపోయిన కొట్టం కనిపించింది. నెత్తుటితో తడిసినట్టున్న మనుషులు కనిపించారు. వాళ్ళ మధ్య తన ఇంటికి రానని ఒట్టు పెట్టుకున్న తల్లి కనిపించింది. మొగుడు కనిపించలేదు. తిరుపతిసామి పెద్ద శరీరం అతనికి అడ్డంగా ఉంది. చట్టి చేతిలోంచి జారి పగిలింది.

"అయ్యో, పొయ్యి నా మొగుణ్ణి తినేసిందే!" అని ఆమె వీధిలోనే కూలబడింది.

ఆ గొంతు విని కాళియమ్మాళ్ తిరిగి చూసింది. ఆమె మెల్లగా నడిచి వచ్చి, కూతురి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత చెంప మీద ఒక్కటిచ్చింది.

"ఎక్కడికి పోయినావే! నీ సావుకు వస్తే ఇంట్లో లేకుండా ఎక్కడికి పోయినావు!"

వేలమ్మాళ్ చెంప పట్టుకుని నోరు తెరిచింది. తల్లి ఇంకొకటి కొట్టబోయి, ఎత్తిన చేత్తోనే కూతురిని దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ వీధి మధ్యలో ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. తిరుపతిసామి పక్కకు జరగడంతో మారియప్పన్ బయటపడ్డాడు. అతన్ని చూసి వేలమ్మాళ్ మరికాస్త ఏడ్చింది.

తర్వాత సంగతంతా విప్పుకోవడానికి గంట పట్టింది. 'అది' అంటే ఏమిటి, 'ఇంట్లోది' ఎవరు, మొగం నల్లబడింది దేనికి, ఒక్కొక్కటీ తేలింది. పొన్నయ్య మిల్లు పని రహస్యం కూడా తేలింది. కాళియమ్మాళ్ కొడుకును కొడదామని చూసి, కనుబొమలు లేని ఆ ముఖాన్ని ఎక్కడ కొట్టాలో తోచక ఊరుకుంది. చుట్టాల్లో ఆడవాళ్ళకు అన్నీ అర్థమయ్యాయి గాని, మదురైలో చూసి పెట్టిన కొత్తది పొయ్యే అంటే మాత్రం సగం మందే నమ్మారు.

పొన్నయ్య ముఖానికి వెన్న పూసుకుని గ్యాసు పొయ్యిని వాకిట్లోకి తెప్పించాడు. గుడ్డ కాలింది గాని పొయ్యికి చిన్న గీత కూడా పడలేదు. తల ఊడదీసి, గొట్టంలోకి చూసి, సన్నటి రంధ్రంలో ఒక సూది పెట్టి తిప్పాడు. ఆవగింజంత మసిబెడ్డ రాలింది.

"ఇంతేనా?" అన్నాడు మారియప్పన్.

"ఇంతే బావా."

మారియప్పన్ ఆ మసిబెడ్డను అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశాడు. దీపావళి చీరల నూలంతా పోయింది. కొట్టానికి కప్పు లేదు. నేతవాళ్ళకు ఏం సమాధానం చెప్పాలో తెలియదు. అయినా అతని ముఖంలో కొత్తగా తేడా ఏమీ కనిపించలేదు.

అతుకులకు సబ్బునురగ పూసి, బుడగలు రావడం లేదని రెండుసార్లు చూసి, పొన్నయ్య పంపు కొట్టాడు. బయట, గాలి ఆడే చోట, అందరినీ పది అడుగులు వెనక్కి జరిపి వెలిగించాడు. పొయ్యి బుస్సుమని నీలంగా మండింది. పద్నాలుగు మందికీ పొద్దున్నుంచి తిండి లేదని అప్పుడు ఎవరికో గుర్తొచ్చింది. వేలమ్మాళ్ దాని మీదే పెద్ద కుండ పెట్టి సజ్జకూడు కలిపింది.

అందరూ వాకిట్లో బంతిగా కూర్చున్నారు. కాళియమ్మాళ్ కూర్చోలేదు. "నేను సావుకు వచ్చినా, విందుకు రాలేదు" అని గోడ వైపు తిరిగి నిలబడింది. వేలమ్మాళ్ బతిమాలలేదు. ఒక ముంతలో నీళ్ళూ ఒక ఆకులో కూడూ తెచ్చి తల్లి పక్కన పెట్టి, తనూ తినకుండా నిలబడింది. చివరికి ముసలామె కూర్చుని, ముంత ఎత్తి నీళ్ళు తాగి, ఆకు దగ్గరికి లాక్కుని, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

నాలుగేళ్ళ తర్వాత కూతురి ఇంట్లో తిన్న ఆ మొదటి ముద్ద గురించి ఆమె పెద్దగా ఏమీ అనలేదు, ఉప్పు చాలలేదని తప్ప.